వీపు లేని బొమ్మ

బొమ్మకు ఏసీ గది ఇచ్చారు. ఇరవై ఆరేళ్లుగా ఎమర్జెన్సీలో నిలబడి కాళ్లు వాచిపోయిన మాకు మాత్రం, మూడు రోజులు తిరిగి నాలుగో రోజు అలిగే ఫ్యానున్న స్టాఫ్ రూము. అది హన్మకొండలో ఏ దవాఖానో అడగకండి, చెప్పను. ఇంకా అక్కడే పనిచేస్తున్నాను.

ఆ ఏడు జూన్ చివర్లో, వానలు సరిగ్గా పట్టకముందే, ఆ బొమ్మ దిగింది. నలుగురు మనుషులు చెక్కపెట్టెలోంచి దాన్ని పెళ్లికొడుకును దించినట్టు దించారు. మా పెద్ద డాక్టరు, దవాఖాన యజమాని రాజేశ్వర్ రావు గారు స్వయంగా కొబ్బరికాయ కొట్టారు. అవును, బొమ్మకే. నుదుట కుంకుమ పెట్టబోతుంటే, దాని వెంట వచ్చిన ట్రైనర్ భానుచందర్ అడ్డంపడ్డాడు.

"సార్, సార్, వద్దు సార్. స్కిన్ సిలికాన్ సార్. మరక పడితే పోదు."

రాజేశ్వర్ రావు గారు చేతిలో కుంకుమ ఏం చేయాలో తెలియక గోడకు పూశారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

భానుచందర్‌కు ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. హైదరాబాద్ మనిషి. ఉక్కపోతలో కూడా కోటు విప్పడు. ఎమర్జెన్సీలో ఎన్నేళ్లు చేశావు బాబూ అని మొదటి రోజే అడిగాను. "నేను సిమ్యులేషన్ ఎడ్యుకేటర్‌ని మేడం" అన్నాడు. అంటే ఒక్క పూట కూడా చేయలేదన్నమాట. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయేమో పాపం, అందుకే ప్లాస్టిక్‌ను నమ్ముకున్నాడు.

బొమ్మ పేరు జాన్ అట. కంపెనీవాళ్లే పెట్టి పంపారు. జాన్ ఊపిరి తీస్తాడు, కళ్లు ఆర్పుతాడు, మణికట్టు పట్టుకుంటే నాడి కొట్టుకుంటుంది. భానుచందర్ లాప్‌టాప్‌లో ఒక బటన్ నొక్కితే చస్తాడు, ఇంకోటి నొక్కితే బతుకుతాడు. చెమట పట్టడు, కక్కుకోడు, పక్క తడపడు, కొడుకును పిలవమని ఏడవడు. అలాంటి పేషెంట్లే వస్తే మా అందరి బతుకులూ హాయిగా ఉండేవి.

అప్పుడే నర్సింగ్ పాసై వచ్చిన పన్నెండు మంది పిల్లలకు జాన్ మీద మూడు వారాల శిక్షణ. చివర్లో ఇన్‌చార్జ్ సిస్టర్ సంతకం పెడితేనే వాళ్లకు ఎమర్జెన్సీ డ్యూటీ. ఆ ఇన్‌చార్జ్ సిస్టర్‌ని నేను, ఎస్తేరును. ఆ పన్నెండు మందిలో ఒకతె నా కూతురు కీర్తన.

కీర్తన తండ్రి ఊసు ఈ కథకు అక్కర్లేదు. దాన్ని పెంచింది నేనూ, పరకాల దగ్గర పత్తి చేసుకునే నా తమ్ముడు పౌలూ. పెళ్లాం పోయాక పౌలు మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆదివారం ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేవాడు. సంచిలో బీరకాయలో, మక్క కంకులో ఉండేవి. మేనకోడలి పక్కన కూర్చుని అన్నం తింటే గాని వాడికి ఆదివారం అయినట్టుండేది కాదు.

రెండో వారంలో విషం కేసు నేర్పారు. మా వైపు వానకాలం అంటే పత్తి, పత్తి అంటే పురుగుమందు. ఆగస్టు వచ్చిందంటే పరకాల నుంచో, నర్సంపేట నుంచో, వర్ధన్నపేట నుంచో రోజూ ఎవరో ఒకరిని మోసుకొస్తారు. తాగినవాళ్లు కొందరు, చేలో కొడుతూ ఒంటికి పట్టించుకున్నవాళ్లు కొందరు. ఎలా లోపలికి పోయినా అది చేసే చేటు ఒకటే. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాప ఆవగింజంత, ఛాతీ నిండా నీరు. ఆ నీరు ఆగేదాకా అట్రోపిన్ ఇంజెక్షన్ ఇస్తూనే ఉండాలి. దాంతోపాటే, మందు అంటిన బట్టలు పీకి పారేసి, తల నుంచి కాళ్లదాకా సబ్బుపెట్టి కడగాలి. లేకపోతే మనం ఇటు ఇంజెక్షన్ ఇస్తుంటే అటు చర్మం మందు తాగుతూనే ఉంటుంది. ఇది నాకు మొదటి ఏడాదే ఒక ముసలి నర్సు నెత్తిన మొట్టి నేర్పింది.

ఆ రోజు కీర్తన లీడరు. చకచకా చేస్తోంది, చేయి వణకడం లేదు. లోపల్లోపల ముచ్చటపడ్డాను, మొహంలో కనపడనివ్వలేదు. "ఫస్ట్ బట్టలు తీసి..." అంటూ జాన్ చొక్కా పట్టుకుంది.

"ఆగండాగండి!" భానుచందర్ పరుగెత్తుకొచ్చాడు. "చొక్కా తీయొద్దు. ముందు గుండీలు విప్పండి, ఈసీజీ స్టిక్కర్లకు చోటుంటే చాలు."

"మరి కడుగుడు ఎట్ల సార్?" అంది తిరుమల. నర్సంపేట పిల్ల. సందేహం వస్తే ఆగని రకం.

"కడగడం లేదండీ. నీళ్లు తగిలితే వారంటీ పోతుంది. బోర్లా తిప్పడం కూడా వద్దు, వీపులో వైరింగ్ అంతా ఉంటుంది. ఆ స్టెప్ రాగానే గట్టిగా నోటితో చెప్పండి. 'బట్టలు తీశాను, ఒళ్లు కడిగాను.' నేను టిక్ పెట్టేస్తాను."

"నిజం పేషెంట్‌కైతే సార్?"

"రియల్‌గా అయితే చేతులు ఆటోమేటిగ్గా వెళ్తాయండీ. ఎక్సలెంట్ క్వశ్చన్."

వాడికి అన్నీ ఎక్సలెంటే. వెనక కుర్చీలో కూర్చుని నేను ముక్కుతో నవ్వాను. మందు కొట్టే మనిషికి మొదట తడిసేదే వీపు. పంపు డబ్బా మోసేది వీపు మీదే. ఇక్కడేమో వీపే లేని పేషెంట్! ఆ ముక్క అప్పుడే లేచి చెప్పొచ్చు. చెప్పలేదు. కానియ్, ఈ కోటుగాడి చదువు ఎక్కడిదాకా పోతుందో చూద్దాం అని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. ఆ వారంలో ఒక్కొక్కరు తొమ్మిదేసి సార్లు చేశారు. మూడోసారికే అది ఎక్కాల్లా నోటికి వచ్చేసింది. బట్టలు తీశాను ఒళ్లు కడిగాను, బట్టలు తీశాను ఒళ్లు కడిగాను. పన్నెండు గొంతులు, ఒకే పాట.

చివరి రోజు పన్నెండు కాగితాలు నా ముందు పెట్టారు. చదవకుండా సంతకాలు చేసి పడేశాను.

ఆ సాయంత్రం ఇంట్లో కీర్తన నా చుట్టూ తిరిగింది. "అమ్మా, ఎట్ల చేసిన నేను?"

"బొమ్మ బతికింది గద. ఇంకేం గావాలె?" అన్నాను చిక్కుడుకాయ తుంచుతూ.

"నువ్వు ఎప్పుడు జూసినా ఎక్కిరిస్తవే గని, ఏడ తప్పు జేసిననో చెప్పవు."

"మీ సారు చెప్తలేడా? కోటేసుకున్నోడు?"

అది గిన్నె నేలకేసి కొట్టినంత పని చేసి లోపలికి వెళ్లింది. నేను చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్నాను. నాకేమీ అనిపించలేదు. అదే చెప్తున్నాను, ఏమీ అనిపించలేదు.

ఆ తర్వాతి ఆదివారం పౌలు స్వీటు డబ్బా పట్టుకొచ్చాడు. కీర్తన నోట్లో మైసూర్‌పాక్ కుక్కాడు. "నా కోడలు ఎమర్జెన్సీల జేరింది. ఇగ మనకేం ఫికర్? నాకేమన్న అయితే సీదా దాని కాడికే వస్త."

"నోరు మంచిగుంచుకో" అన్నాను. "ముందు నీ పంపు మార్చు. పోయిన యేడు నుంచి కారుతాంది."

"గుడ్డ గట్టిన అక్కా. జర కారుతది, అంతే. మొత్తం కారితే మార్త."

"వీపు మీద దద్దుర్లు జూసినవా ఎన్నడన్న?"

"నా వీపు నాకెట్ల కనవడ్తది?" అని పకపకా నవ్వాడు. కీర్తన కూడా నవ్వింది. నేను తిట్టుకుంటూ అన్నం వడ్డించాను.

సెప్టెంబరు రెండో వారం. నాలుగు రోజులు ముసురు పట్టి వదిలింది. ముసురు వదలగానే అందరూ ఒక్కసారి మందు కొట్టడానికి దిగుతారు, మా బెడ్లు నిండుతాయి. నాకు మధ్యాహ్నం రెండింటి డ్యూటీ. బస్సులో ఉండగా తిరుమల ఫోన్ చేసింది. "మేడం, జర జల్ది రాన్రి. కీర్తన వాళ్ల మామ వచ్చిండు. పదకొండింటికి తెచ్చిన్రు. అంత ప్రోటోకాల్ ప్రకారమే చేసినం మేడం, ఫికర్ చెయ్యకున్రి."

బస్సు ఎప్పుడు ఆగిందో, ఎలా దిగానో తెలియదు.

గేటు దగ్గర పౌలు పక్క చేను సారయ్య కూర్చుని ఉన్నాడు, కాళ్లకు ఇంకా బురద. నన్ను చూసి లేచాడు. "ఎస్తేరమ్మా, మందు కొట్టుకుంట కొట్టుకుంటనే కూలవడ్డడు. నేనే ఆటోల ఏసుకొచ్చిన. పంపు కారి ఈపంత నానింది అని చెప్తనే ఉన్న. ఎవలు ఇంటలేరు, బయటికి పో అన్నరు."

లోపల పౌలు మూడో బెడ్ మీద ఉన్నాడు. గొంతులో గొట్టం లేదు ఇంకా, ముక్కుకు ఆక్సిజన్. ఛాతీ దాకా దుప్పటి. పైన చొక్కా గుండీలు విప్పి, బనీను మధ్యకు కత్తిరించి, స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. వరసలు తిన్నగా, ఎంత చక్కగా అంటించారో. కీర్తన వాడి తల దగ్గర నిలబడి సక్షన్ గొట్టంతో నోట్లో నురగ లాగుతోంది. దాని చేయి అప్పుడు కూడా వణకడం లేదు.

డ్యూటీ డాక్టరు ఓంప్రకాశ్, చిన్నవాడే, కేసు షీటు నా చేతికిచ్చాడు. "సిస్టర్, అర్థమైతలేదు. అట్రోపిన్ ఇస్తే ఛాతీ క్లియర్ అయితాంది, గంటకల్ల మళ్ల నిండుతాంది. ఎంత ఇచ్చినా సరిపోతలేదు. గొట్టం ఎయ్యాల్సి వస్తదేమో."

షీటు చూశాను. భానుచందర్ నేర్పిన పద్ధతిలోనే వరసగా టిక్కులు. నాలుగో లైను: బట్టలు తొలగింపు, చర్మశుద్ధి. టిక్కు. పక్కన టైము, పదకొండు గంటల ఎనిమిది నిమిషాలు. సంతకం కీర్తనది.

నేను పౌలు భుజం కింద చెయ్యి పెట్టి కాస్త పైకి లేపబోయాను. అరచెయ్యి తడిసింది. చెమట అనుకోవచ్చు, విషం కేసుల్లో అందరికీ చెమటే. చెయ్యి బయటకు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"అంగి తియ్యలేదా?" అన్నాను.

"తీసిన గదమ్మా" అంది కీర్తన. డ్యూటీలో ఎప్పుడూ మేడం అనేది. "తీసిన. కడిగిన. చెప్పిన గద, అందరు ఇన్నరు. తిరుమలా, చెప్పలేదా?"

"చెప్పినవ్" అంది తిరుమల. ఆ మాట సగంలో ఉండగానే దాని మొహం పాలిపోయింది.

కీర్తన దుప్పటి లాగి చూసింది. దాని మామ ఒంటి మీద చొక్కా ఉంది. వెనక భాగం మొత్తం నాని, రెగ్జిన్ పరుపు మీద మడుగు కట్టి ఉంది. మూడు గంటల పాటు వాడు దానిలోనే పడుకున్నాడు.

నేను అరవలేదు. అరవడానికి ఎక్కడుంది టైము? "కత్తెర. గ్లౌసులు ఏస్కోండ్రి. రెండు బకెట్లు, సబ్బు" అన్నాను. చొక్కా చించాం. బోర్లా తిప్పాం. వీపు ఎర్రగా ఉడికినట్టు ఉంది. నీళ్లు పోసి, సబ్బు రాసి, మళ్లీ నీళ్లు పోసి, జుట్టు కూడా కడిగాం. నేను చెప్పిన చోటల్లా కీర్తన నీళ్లు పోసింది. నాలుగున్నరకు గొట్టం వేశారు, వెంటిలేటర్ పెట్టారు.

పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. పన్నెండో రోజు కళ్లు తెరిచి, గొట్టం తీశాక, బొంగురు గొంతుతో అడిగిన మొదటి మాట, "కోడలేది?"

పౌలు బతికాడు. కాళ్లు సరిగ్గా నిలవలేదు, వేళ్లకు పట్టు రాలేదు. నరాలకు తగిలింది, నెమ్మదిగా వస్తుంది, రాకపోనూ వచ్చు అన్నారు. చేను సారయ్యకు అప్పజెప్పి మా ఇంటికే తెచ్చుకున్నాం. ముందు గదిలో మంచం వేశాం.

ఇక ఆ పెద్దమనుషుల సంగతి వినండి. రాజేశ్వర్ రావు గారు నన్ను గదికి పిలిచారు. "ఏం ఎస్తేరు సిస్టర్, తమ్ముడు లేచి కూసున్నడంట గద, సంతోషం. కాగితం మీద అంత కరెక్టుగనే ఉన్నది. బతికినంక కెలుకుడెందుకు? మీ ఇంట్ల పిల్లనే, మీ ఇంట్ల మనిషే." చేతులు దులుపుకోవడం నేర్పే కాలేజీ ఉంటే ఆయన్ను ప్రిన్సిపాల్ చేయాలి. భానుచందర్ ఇంకో మెట్టు పైకి వెళ్లాడు. దవాఖాన వాట్సాప్ గ్రూపులో కీర్తన ఫొటో పెట్టి, కింద 'మా శిక్షణ ఒక ప్రాణం కాపాడింది' అని రాశాడు. నలభై మూడు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను లెక్కపెట్టాను.

అన్నిటికంటే ఘోరం పౌలు. చక్రాల కుర్చీలో గుడికి తీసుకెళితే సాక్ష్యం చెప్పాడు. పాస్టర్ గారు మైకు నోటి దగ్గర పట్టుకున్నారు. "నాకు ప్రాణం వోసింది దేవుడు, ఆయన చెయ్యి నా కోడలు" అన్నాడు. గుడి అంతా హల్లెలూయా అంది. ఆడవాళ్లు కీర్తన తల నిమిరారు. అది నేల చూస్తూ నిలబడింది.

ఆ రోజు నుంచి కీర్తన మాతో అన్నం తినడం మానేసింది. పళ్లెం పట్టుకుని వంటింట్లో నిలబడి తినేది. ఒక మధ్యాహ్నం పౌలు నిద్రపోతుండగా నా ముందుకు వచ్చి నిలబడింది.

"మామకు చెప్త అమ్మా."

"నోర్మూసుకో. బతికిండు గద. చెప్తే ఏమొస్తది? నీ మీదున్న నమ్మకం గూడ పోతది."

"గా నమ్మకం నాకు కడుపుల పడ్తలేదు. నేను తీసిననే అనుకున్న అమ్మా. నిజంగ. నోటితోని అన్న గద, ఇగ అయిపోయినట్టే అనిపిచ్చింది. గిప్పుడు కండ్లు మూసుకుంటే గూడ నేను కడిగినట్టే యాదికొస్తది." చేతిలో పళ్లెం పక్కన పెట్టింది. "ఒకటి అడుగుత, నిజం చెప్పు. గా దినం క్లాసుల నువ్వు ఎనక కూసున్నవ్. నవ్వినవ్. అట్ల నోటితోని చెప్పుడు తప్పని నీకు తెల్సా?"

"తెల్సు."

"మరెందుకు చెప్పలే?"

అబద్ధం ఆడొచ్చు. ఆడదామనే నోరు తెరిచాను. "వాడు నవ్వులపాలు గావాలని" అన్నాను. "గా కోటుగాడు."

కీర్తన నా వంక చూసిన చూపు నాకు తెలుసు. జాన్ వంక నేను చూసే చూపే అది. పళ్లెం కడిగి, బోర్లించి, డ్యూటీకి వెళ్లిపోయింది.

నవంబరులో ఏనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు వరసకట్టే రోజుల్లో ఎనిమిది మంది కొత్త బ్యాచ్ వచ్చారు. నేను రాజేశ్వర్ రావు గారి గదికి వెళ్లి చెప్పాను, విషం కేసు బొమ్మ మీద నేర్పితే ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టను, మనిషిని పడుకోబెట్టాలి, బట్టలు తడవాలి, తీయాలి, తిప్పాలి, కడగాలి అని. "మనిషి దొరికితే చేస్కోండ్రి" అని ఆయన భానుచందర్ వంక చూశారు.

"పేషెంట్‌గా ఎవరు పడుకుంటారు మేడం?" అన్నాడు వాడు. "డిగ్నిటీ ఇష్యూస్ ఉంటాయి."

వాడి నోట డిగ్నిటీ అనే మాట వినడానికే బతికున్నాననుకున్నాను.

ఇంటికొచ్చి ఆ సంగతి తిట్టుకుంటూ చెబుతుంటే పౌలు మంచం మీద లేచి కూర్చున్నాడు. "నేను పండుకుంట అక్కా. ఇంట్ల కూసోని కూసోని నడుం వట్టింది. నడువరాదు గని పండుకోరాదా నాకు?"

"వద్దు మామా" అంది కీర్తన గుమ్మంలోంచి. "నువ్వు రాకు."

"ఏందే, నాకు సిగ్గా?"

కీర్తన నా వంక చూసింది. పౌలు అక్కడికి వస్తే ఏం జరుగుతుందో దానికి తెలుసు. నాకు తెలియదా? తెలుసు. వాడికి నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పకుండా వాడికి అన్నం పెట్టే ధైర్యం కూడా అయిపోయింది. "రానీ" అన్నాను.

ఎమర్జెన్సీ పక్కన, పేషెంట్లను కడిగే గచ్చు మీద స్ట్రెచర్ వేశాం. ఇంట్లోని పాత చొక్కాలన్నీ మూట కట్టి తెచ్చాను. పురుగుమందుకు బదులు నీలిమందు కలిపిన నీళ్లతో వీపు తడిపి పౌలుకు ఒకటి తొడిగాను. రెండు బకెట్ల మంచినీళ్లు, సబ్బు, కత్తెర. కీర్తన గోడ పక్కన నిలబడింది. భానుచందర్ కాగితాల అట్ట పట్టుకుని, కోటు తడవకుండా దూరంగా నిలుచున్నాడు.

మొదటి పిల్ల చురుకైందే. నాడి చూసింది, కంటిపాప చూసింది, అట్రోపిన్ అంది, ముందు గుండీలు విప్పింది. తర్వాత తల పైకెత్తి, గట్టిగా, "బట్టలు తీశాను, ఒళ్లు కడిగాను" అంది. ఈ ఏర్పాటు అయ్యేలోపే వారం రోజులుగా వాళ్లు జాన్ మీద ఇదే పాట పాడుతున్నారు మరి. భానుచందర్ అలవాటుగా టిక్కు పెట్టాడు.

పౌలు కళ్లు తెరిచాడు. "ఏం దీసినవ్ బిడ్డా? అంగి నా ఒంటి మీదనే ఉన్నది గద!"

అందరూ గొల్లున నవ్వారు. పౌలు కూడా నవ్వాడు. ఆ పిల్ల నాలుక కరుచుకుంది. "సారీ అంకుల్, బొమ్మ మీద గట్లనే చేసినం. దాన్ని తడుపొద్దు, తిప్పొద్దు, నోటితోని చెప్తే చాలన్నరు."

"గట్లనా?" అన్నాడు నవ్వుతూనే. "అందరు గట్లనే నేర్సుకున్నరా?"

"ఆఁ అంకుల్. పాత బ్యాచ్ అక్కలు గూడ."

పౌలు నవ్వు ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. చెయ్యి వెనక్కి పెట్టి, తడిసిన చొక్కాను తడుముకున్నాడు. తర్వాత గోడ పక్కన ఉన్న కీర్తన వంక చూశాడు. అది తల దించుకోలేదు.

"ఆఁ మామా" అంది. "నేను గూడ గట్లనే."

కొత్త పిల్లలకు ఏమైందో అర్థం కాలేదు. భానుచందర్‌కు మాత్రం అర్థమైంది, అట్ట ఛాతీకి ఆనించుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వు రా బిడ్డా" అన్నాడు పౌలు. "నువ్వు జేసి సూపియ్యి గీళ్లకు."

కీర్తన వచ్చింది. గ్లౌసులు వేసుకుంది. చొక్కా చేతుల దగ్గర నుంచి మెడ దాకా కత్తిరించి, తీసి, సంచిలో వేసింది. భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి మామను పక్కకు తిప్పింది. వీపు మీద మందు కాల్చిన చోట అరచేయంత నల్లమచ్చ ఉంది. దాని చేయి ఆ మచ్చ దగ్గర ఆగింది. ఉద్యోగంలో చేరాక దాని చేయి పని మధ్యలో ఆగడం నేను చూసింది అదే మొదలు.

"నీళ్లు సల్లగున్నయ్ మామా."

"ఉంటే ఉండనీ. పొయ్యి."

పోసింది. సబ్బు రాసింది. మళ్లీ పోసింది. ఎనిమిది మంది చుట్టూ నిలబడి చూశారు. నేను రెండో బకెట్ పట్టుకుని నిలబడ్డాను.

అయ్యాక పౌలును లేపి కూర్చోబెట్టి తువ్వాలు కప్పాను. పిల్లలు సామాను సర్దుతున్నారు. వాడు నా వంక చూడకుండా అడిగాడు. "అక్కా, గా దినం నువ్వు ఒచ్చేదాక ఎంతసేపైంది?"

"మూడు గంటలు."

"ఊఁ."

"దాని తప్పు గాదురా" అన్నాను. "గిట్ల చెప్పుడు తప్పని నాకు ముందుగాలనే తెల్సు. క్లాసుల ఎనక కూసోని సూసుకుంట నవ్విన. సంతకం గూడ పెట్టిన."

పౌలు తువ్వాలుతో చెవులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"నువ్వు చిన్నప్పటి సంది గంతే అక్కా" అన్నాడు.

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది. వాడు కొత్త పిల్లల వైపు చూశాడు. ఇంకా ఏడుగురున్నారు.

"ఇంకో అంగి ఇయ్యి" అన్నాడు. "ఇంకో పిల్లను రమ్మను."

మూటలోంచి ఒకటి తీసి, వీపు తడిపి, చేతులు దూర్చి తొడిగాను. గుండీలు పెట్టుకోబోయాడు, వేళ్లు వాటిని పట్టలేకపోయాయి. నేను వాడి ముందు గచ్చు మీద కూర్చుని, పై నుంచి కింది దాకా అన్ని గుండీలూ పెట్టాను.